ఫ్యాన్ల వదిన చుట్టిన గాలి

చరిత్రలో పెద్ద పెద్ద మార్పులన్నిటికీ తేదీలున్నాయి. కోటలు కూలిన రోజులూ, సంధి పత్రాల మీద సంతకాలు పడ్డ రోజులూ పిల్లలు బట్టీపట్టి మరీ పరీక్షల్లో తప్పు రాస్తుంటారు. కానీ మా వీధిలో ఫ్యాన్ల వదిన కుడిచెవి వెనక మొట్టమొదటి పెన్సిలు ఏ రోజున వెలసిందో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. చరిత్రకారుల అశ్రద్ధకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఈ విషయంలో ప్రస్తుతం రెండు వాదాలు చలామణిలో ఉన్నాయి. శిక్షణ పూర్తయి సర్టిఫికెట్ చేతికొచ్చాకే పెన్సిలు వచ్చిందని వదిన భర్త వాదన. కాదు, శిక్షణ మొదలైన మూడో రోజే వచ్చిందనీ, "అదే రోజు దానికి ఎదురు చెప్పడం కూడా వచ్చింది" అనీ అత్తగారి సాక్ష్యం. పెన్సిలు ఎర్రదనీ, నాలుగు వేళ్ళ పొడవుకు మించి ఎన్నడూ లేదనీ ఉభయపక్షాలూ ఒప్పుకుంటాయి. అసలు మనిషిని అడిగితే, "చేతులు ఖాళీ ఉండవు, ఎక్కడ పెట్టుకోను మరి?" అంది. చరిత్రను సృష్టించేవాళ్ళు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు.

పెన్సిలుకు పూర్వం ఆమె ఒట్టి వదిన. ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర ఆమె భర్త గుమాస్తా. అందరూ కాటాబాబు అంటారు. లారీ కింద పట్టీలు ఎంత వంగాయో చూసి, అందులో ఎన్ని టన్నులున్నాయో కాటా కంటే ముందే చెప్పగలడు. ఇతరుల బరువులన్నీ ఇంత కచ్చితంగా తూచే మనిషి తన సొంత ఆలోచనల్ని మాత్రం ఏనాడూ కాటా ఎక్కించలేదు. రెండు గదులు, ముందు రేకుల వసారా ఉన్న ఇంట్లో ఆయనా, ఆమే, అత్తగారూ ఉండేవాళ్ళు. ఆ ఇంటికి అధిపతి ఎవరన్న ప్రశ్న అప్పట్లో ఎవరూ అడగలేదు. అత్తగారు వినే దూరంలో ఉంటే అసలు అడగరు.

వదిన పదిమంది ఆడవాళ్ళ పొదుపు సంఘంలో సభ్యురాలు. పాలబూత్ వెనకగదిలో ప్రతి మంగళవారం ఉదయం పదింటికి మీటింగు. ఒకరు లోను తీసుకుంటే మిగతా తొమ్మిదిమందీ పూచీ. మొగుళ్ళకు గడప లోపలికి ప్రవేశం లేదు కాబట్టి వాళ్ళు కిటికీ దగ్గర నిలబడి దగ్గుతుంటారు. దగ్గును బట్టి ఎవరి మొగుడో, ఏమంటున్నాడో లోపలివాళ్ళకు తెలిసిపోతుంది.

ఆ సంఘానికి ఒక పద్ధతుంది. హాజరు పుస్తకంలో కాదు, నోటితో. గుండ్రంగా కూర్చుని, ఒకరి తరవాత ఒకరు తమ పేరు తామే గబగబా చెప్పాలి. పుస్తకమైతే ఒకరి సంతకం ఇంకొకరు పెడతారని నాయకురాలు పాలక్క అనుమానం. అలా ఆరేళ్ళుగా, వారం వారం, రైలు పెట్టెలు వంతెన దాటుతున్నట్టు ఒకే వరస: పాలక్క, గుడ్లత్త, చీపుళ్ళ పిన్ని, టైలరమ్మ, కూరలక్క, ఇస్త్రీ వదిన, ఆయమ్మ, సబ్బులక్క, బుట్టల పిన్ని, చివర మన వదిన "నేను". ఆమెను నిద్రలో లేపి అడిగినా ఆ వరస తప్పదు.

వదిన పేరు మీద వచ్చిన మొదటి లోను కాటాబాబు చేతుల మీదుగా కౌజుపిట్టల పెంపకంలోకి వెళ్ళింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఈ పిట్టలు కూయనైనా కూయకుండా ఒక వానాకాలంలో మొత్తం ముగిసిపోయాయి. ఆ వాయిదాలు వదిన మూడు ఇళ్ళలో పాచిపని చేసి కట్టింది. కాటాబాబు మాత్రం, "ఐడియాలో తప్పులేదే, పిట్టల్లోనే లోపం" అని ఈనాటికీ అంటాడు.

రెండో లోనుకు సంఘం సిద్ధమైనప్పుడు, పై ఆఫీసు నుంచి వచ్చే లోను మేడం కొత్త నిబంధన పెట్టింది. ఏదో ఒక పని నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే లోను. శిక్షణ కేంద్రంలో నాలుగు విద్యలు: కుట్టుపని, బ్యూటీపార్లరు, కొవ్వొత్తులు, మోటారు వైండింగు. పేర్లిచ్చే రోజున అత్తగారి కళ్ళజోడు కనపడలేదు. వదిన మంచాల కిందా, డబ్బాల వెనకా గంటన్నర వెతికింది. చివరికి అది ఆవిడ నెత్తిమీదే దొరికింది. వదిన పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మూడు గదులు నిండిపోయాయి. నాలుగో గదిలో ఒక బల్లా, ఒక విప్పదీసిన ఫ్యానూ, కరెంటు డిపార్టుమెంటులో రిటైరైన ఒక మాస్టారూ తప్ప ఎవరూ లేరు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీరు నిజంగా ఇక్కడికే వచ్చారా అమ్మా, దారి తప్పారా?"

"దారి తప్పానండీ."

"పర్లేదు, కూర్చోండి."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ వార్తకు మిశ్రమ స్పందన వచ్చింది. "నలుగురూ జాకెట్లు కుట్టుకుంటుంటే నువ్వు మోటార్లు చుడతావుటే? ఆడది ఫ్యాను బాగుచేస్తే గాలొస్తుందా, గోలొస్తుందా?" అంది అత్తగారు. కాటాబాబు మాత్రం, "సర్టిఫికెట్ ఏదైతేనేం, లోనొస్తుందిగా" అన్నాడు. అప్పటికే ఆయన మనసులో ఒక నీళ్ళ ట్యాంకరు మెల్లగా రివర్సు చేసుకుంటూ వచ్చి ఆగింది. స్నేహితుడెవరో అందులో వాటా ఇస్తానన్నాడట.

ఫ్యాను కడుపులో రాగితీగ చుట్టలుంటాయి. వాటిని కాయిళ్ళంటారు. కాలిపోతే పాత తీగ పీకేసి కొత్తది చుట్టాలి. మాస్టారి ఫ్యానుకు ఒక్కో కాయిలుకు మూడువందల చుట్లు. ఒకటి ఎక్కువైతే ప్రళయం రాదు గానీ, బాగా తగ్గితే మాత్రం మోటారు కరెంటు ఎక్కువ లాగి వేడెక్కి మాడుతుంది. చెయ్యి తిప్పి చుట్టే మిషను ఉంది. చుట్లు లెక్కపెట్టే మీటరు కూడా దానికి ఉంది, కాకపోతే అది ఏనాడో నలభై ఏడు దగ్గర సమాధిలోకి వెళ్ళిపోయింది. కాబట్టి నోటితోనే లెక్క.

వంద దాకా వదినకు ఇబ్బంది లేదు. నూట ముప్పయ్యారు దగ్గర మాత్రం ఇంట్లో పొయ్యి మీద పెట్టిన పాలు గుర్తొచ్చేవి. రోజూ అక్కడే. పాలు లేని రోజు కూడా అక్కడే. రెండు రోజులు తీగ చుట్టి, విప్పి, కళ్ళనీళ్ళ పర్యంతమైన తరవాత, మూడో రోజు ఆమె నోరు తనకు బాగా వచ్చిన వరస అందుకుంది. పాలక్కకు ఒక చుట్టు, గుడ్లత్తకు ఒకటి, చీపుళ్ళ పిన్నికి ఒకటి. "నేను" అనగానే పది. పదికి కాగితం మీద ఒక పెన్సిలు గీత. ముప్పై గీతలైతే కాయిలు పూర్తి. పాలు పొంగినా, పిడుగు పడినా వరస తప్పేది కాదు. మాస్టారు రెండోసారి తానే లెక్కపెట్టి చూసి, "ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఈ పద్ధతి చూళ్ళేదమ్మా, కానివ్వండి" అన్నారు. పరీక్షలో ఆమె చుట్టిన కాయిలును జ్ఞాపకంగా ఇచ్చి పంపించారు. అది వసారాలో మేకుకు వేలాడుతుంది.

పాత మిషనును శిక్షణ కేంద్రం వదినకే వాడుకోమని ఇచ్చింది. అడిగేవాళ్ళు వేరే లేరు గనక. మొదట ఇంట్లో ఫ్యాను చుట్టింది. తరవాత పాలబూత్ ఫ్యాను. ఏడాది తిరక్కుండానే వీధి మొత్తం ఆమె చుట్టిన గాలే పీల్చింది, ఆమెకు పేరు కూడా మారింది. పాచిపని మానేసింది. కాటాబాబు స్నేహితులు ఇంటికొస్తే వసారాలో పరుచుకున్న రెక్కలూ గొట్టాలూ దాటి లోపలికి రావాల్సి వచ్చేది. "మా ఆవిడ బిజీ" అని ఆయన విసుగ్గా చెబుతూనే ఆ మాట రెండుసార్లు చెప్పేవాడు.

అప్పుడు వచ్చింది పెద్ద పని. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టలొకటి ఉంది. అందులో మాస్టారి ఫ్యాను రకానివే ఇరవై రెండు ఫ్యాన్లు. బాగా చేస్తే ఏడాది పొడుగునా మరమ్మతులన్నీ ఆమెకేనంది వార్డెను. సరిగ్గా అదే వారం రెండో లోను సంగతీ తేలాల్సి వచ్చింది. వదినకు మీటరున్న కొత్త మిషను కావాలి. కిటికీ బయట కాటాబాబు ట్యాంకరు దగ్గు దగ్గాడు.

పాలక్క ఇద్దరినీ విని తీర్పు చెప్పింది. "చూడు వదినా, హాస్టలు పని సరిగ్గా అయిందా, లోను మిషనుకే. తేడా వచ్చిందా, అప్పుడిక మీ ఆయన చెప్పిన ట్యాంకరుకే రాసేస్తాం. పూచీ మాది. మాకు కౌజుపిట్టలు ఒక్కసారి చాలు."

ఈ తీర్పు వినేందుకు సంఘంలో ఆ రోజు తొమ్మిదిమందే ఉన్నారు. అంతకు రెండు నెలల ముందే గుడ్లత్త కూతురి కాన్పుకని పొరుగూరు వెళ్ళింది. మంగళవారం తరవాత మంగళవారం వరస చకచకా సాగుతూనే ఉంది, పాలక్క నుంచి నేరుగా చీపుళ్ళ పిన్నికి.

వదిన ఆరు ఫ్యాన్లు చుట్టి హాస్టలుకు పంపింది. ఇంకో తొమ్మిది చుట్టి, వార్నిష్ పూసి వసారాలో ఆరబెట్టింది. నాలుగో రోజున వార్డెను ఆ ఆరు ఫ్యాన్లనూ ఆటోలో వేసుకుని స్వయంగా వచ్చింది.

"గాలికేం లోటు లేదమ్మా. కాకపోతే వేడిగాలి. పైగా గదుల్లో ఏదో మాడు వాసన. మావాళ్ళు వంటమనిషిని అన్నారు. ఆమె మూడు రోజుల్నుంచి అలిగి పొయ్యి వెలిగించట్లేదు. ఇప్పుడు గాలీ లేదు, కూడూ లేదు."

వదిన చేతిలోని మిషను పిడి వదిలింది. "ఎన్నాళ్ళు టైమిస్తారండీ?"

"పది రోజులు. తరవాత బజారు వర్క్‌షాపుకి ఇచ్చేస్తా. నువ్వంటే నాకు ఇష్టమే, కానీ ఇరవై రెండు గదుల వాళ్ళు నన్ను బతకనివ్వరు."

ఆమె వెళ్ళాక వదిన స్క్రూడ్రైవరు అందుకుంది. ఒక ఫ్యాను విప్పింది, మళ్ళీ బిగించింది, మళ్ళీ విప్పింది. మాస్టారిని పిలిపిస్తే ఆయన తీగ మందం కొలిచారు, సరిగ్గానే ఉంది. వార్నిష్ వాసన చూశారు, మంచిదే. కనెక్షన్లు చూశారు, వంక పెట్టడానికి లేదు.

"చుట్లు తగ్గాయేమో అమ్మా."

"తగ్గవండీ. ఇదిగో కాగితాలు. ఒక్కో కాయిలుకి ముప్పై గీతలు. కావాలంటే లెక్కపెట్టుకోండి."

మాస్టారు లెక్కపెట్టారు. ముప్పైకి ముప్పై ఉన్నాయి. ఆయన కాగితాలు మడిచి తిరిగిచ్చేశారు. ఇద్దరు నిపుణులు చేతులెత్తేసిన ఇంట్లో అత్తగారి గొంతు సహజంగానే పెద్దదైంది. "నేను ఆనాడే చెప్పాను, గోలొస్తుందని. పాపం ఆ వంటావిడ ఉసురు ఊరికే పోతుందా?"

మామూలుగా అయితే కాటాబాబుకు ఇది ట్యాంకరు మాట ఎత్తే సమయం. ఆయన గుమ్మంలో నిలబడి భార్య చేతుల వంక చూశాడు. రాగితీగ కోసుకుపోయి వేళ్ళకు నాలుగు చోట్ల గుడ్డపీలికలున్నాయి. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గంట తరవాత సంచిలో ఆఫీసు త్రాసు పెట్టుకుని వచ్చాడు, ఇసుక నమూనాలు తూచే చిన్న త్రాసు.

"ఇంట్లో ఫ్యాను ఏడాదిగా చల్లగా తిరుగుతోందిగా?" అన్నాడు.

"ఆఁ."

"అయితే అప్పట్లో నువ్వు బాగా చుట్టినట్టేగా?"

"ఏం చెప్పాలనుకుంటున్నావో చెప్పు."

ఆయన మేకు మీది పరీక్ష కాయిలు తీసి ఒక పళ్ళెంలో పెట్టాడు. హాస్టలు కాయిలు ఇంకో పళ్ళెంలో పెట్టాడు. అది పైకి లేచింది. ఇంకో కాయిలు పెట్టాడు. అదీ లేచింది. పదిహేను ఫ్యాన్ల నుంచీ ఒక్కో కాయిలు తూచాడు. జీవితంలో మొదటిసారిగా ఆయన ఇంట్లో ఒక పని తన వృత్తి గౌరవానికి తగ్గట్టు చేశాడు.

"అన్నీ పదోవంతు తక్కువే. ఒకే లెక్కన. ఎక్కడో పదోవంతు దించేస్తున్నావే."

"నేనేమన్నా ఇసుక లారీనా, దారిలో దింపుకోడానికి?"

"లారీ డ్రైవర్లందరూ ఇదే అంటారు" అన్నాడు కాటాబాబు.

మాస్టారు ముందుకు వంగారు. "అమ్మా, ఒక్కసారి మిషను తిప్పుతూ పైకి లెక్కపెట్టండి. గట్టిగా."

వదిన కూర్చుంది. చెయ్యి తిరిగింది. "పాలక్క, చీపుళ్ళ పిన్ని, టైలరమ్మ, కూరలక్క, ఇస్త్రీ వదిన, ఆయమ్మ, సబ్బులక్క, బుట్టల పిన్ని, నేను." చెవి వెనక నుంచి పెన్సిలు తీసి గీత గీసింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది.

లోపలి గదిలోంచి అత్తగారు అడిగింది. "గుడ్లత్త ఏదే?"

మిషను ఆగింది.

"గుడ్లత్త... కూతురి కాన్పుకెళ్ళిందిగా అత్తయ్యా."

"కాన్పుకెళ్తే మీటింగులోంచి వెళ్ళాలి గానీ, తీగలోంచి కూడా వెళ్ళాలా?"

ముందు మాస్టారికి నవ్వొచ్చింది. తరవాత కాటాబాబుకి. వదిన రెండు చేతులతో ముఖం కప్పుకుంది, భుజాలు ఊగాయి. ఏడుస్తోందేమోనని అత్తగారు లేచి వచ్చి చూసింది. కోడలు నవ్వుతోంది. ఒక మనిషి ఊరు విడిచి వెళితే ఆరు గదుల గాలి వేడెక్కి, ఒక వంటమనిషి సమ్మెకు కారణమైన సంఘటన ఆ రోజుకు ముందు ఎక్కడైనా జరిగినట్టు దాఖలా లేదు.

పదిహేను ఫ్యాన్లూ మళ్ళీ విప్పారు. అంకెలతోనే లెక్కపెట్టమని మాస్టారు సలహా ఇచ్చారు. వదిన ప్రయత్నించింది. నూట ముప్పయ్యారు దగ్గర పాలు వచ్చాయి. దాంతో వరసే మళ్ళీ ఖాయమైంది, ఈసారి కాపలాతో. అత్తగారు పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. కోడలు "పాలక్క" అనగానే ఆవిడ "గుడ్లత్త" అని వసారా అదిరేట్టు అందుకునేది. ఉదయం ఎనిమిది నుంచి ఇదే. దారినపోయేవాళ్ళు గుడ్లత్తకు ఏమైందోనని ఆగి పరామర్శించి మరీ వెళ్ళారు.

కాటాబాబు డ్యూటీ దిగి వచ్చి, కాయిళ్ళు కూర్చునే మోటారు గాళ్ళలో తీగకు ఇనుము తగలకుండా కాగితాలు దోపేవాడు. "ఖాళీగా ఉన్నానని చేస్తున్నా, అలవాటు చేసుకోకండి" అని మొదటి రోజు చెప్పాడు. రెండో రోజు నుంచి చెప్పడం మానేశాడు. పూర్తయిన ప్రతి కాయిలునూ తూచి, "పాస్" అనేవాడు. "పాస్ అనడానికి నువ్వెవరురా?" అంది అత్తగారు. "కాటా" అన్నాడు.

తొమ్మిదో రోజుకు, మిగిలిన ఏడింటితో కలిపి ఇరవై రెండూ బిగించారు. వార్డెను ప్రతి గదిలో స్టూలెక్కి, ఫ్యాను ఆపి, మోటారు మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఇరవై రెండోదాని దగ్గర దిగకుండా అక్కడి నుంచే, "చల్లగా ఉందమ్మా" అంది. వంటమనిషి కూడా వచ్చి చూసి, వదినను ఎగాదిగా చూసి, టీ ఇచ్చి వెళ్ళింది.

ఆ మంగళవారం మీటింగుకు లోను మేడం పెద్ద ఫారంతో వచ్చింది. వరస చెప్పించి విని, పెన్ను దించేసింది. "తొమ్మిదిమందేనా? పదిమంది లేకపోతే లోను కుదరదు."

పాలక్క తల పట్టుకుంది. గుడ్లత్తకు మనవరాలు పుట్టిందట, ఆర్నెల్ల దాకా రాదట. వదిన పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు గడప దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "నన్ను రాసుకోండి."

అత్తగారు లోపలికొచ్చి గుడ్లత్త ఖాళీలోనే కూర్చుంది.

"మీకేం పని వచ్చు పెద్దమ్మా?" అంది మేడం.

"లెక్క తప్పితే పట్టుకుంటాను."

దానికి సర్టిఫికెట్ ఏదని అడిగే ధైర్యం మేడంకు లేకపోయింది. పేరు రాసుకుని ఫారం తెరిచింది. "రుణం తీసుకోక ముందు మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకునేవారు?"

"ఆయన" అంది వదిన.

"ఇప్పుడు?"

వదిన ఆలోచించింది. "వేటికండీ? పెద్ద వాటికా, చిన్న వాటికా?"

"ఉదాహరణకు, ఈ లోను."

"అది మిషనుకే" అంది వదిన. తల తిప్పి కిటికీ వంక చూడలేదు. గదిలో అందరూ కిటికీ వంక చూశారు. బయట దగ్గు వినపడలేదు. కాసేపటికి కాటాబాబు గొంతు వచ్చింది. "మీటరుంటే కాగితాలు దోపే పని నాకు తప్పుతుందా?"

"తప్పదు" అంది వదిన.

"సరేలే, రాసెయ్యండి. ట్యాంకరు ఎక్కడికి పోతుంది."

ట్యాంకరు నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఇంజను లేదని తరవాత తెలిసింది. మిషను వచ్చింది. చుట్లు దానంతటదే లెక్కపెడుతుంది, అయినా వసారాలో వరస ఆగలేదు. మీటరు మూడువందలు చూపించినా "ముప్పైసార్లూ గుడ్లత్త వచ్చింది" అని అత్తగారు అంటేనే వదిన తీగ కోస్తుంది. శిక్షణ కేంద్రంలో నాలుగో గదికి ఈ ఏడు ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు మాత్రమే దారి తప్పినవాళ్ళని మాస్టారు గర్వంగా చెబుతారు. హాస్టలు వాళ్ళు ఏడాదికి రాసిచ్చారు.

లోను మేడం పై ఆఫీసుకు పదకొండు పేజీల నివేదిక పంపింది. అందులో వదినకు అయిదు విశేషణాలు, కాటాబాబుకు రెండు, అత్తగారికి ఒక ప్రత్యేక పేరా ఉన్నాయి. పైవాళ్ళకు బాగా నచ్చిన చివరి వాక్యం ఇది: "ఒక సాధారణ గృహిణి తన చేతులతో చుట్టిన ఆత్మగౌరవపు గాలి నేడు ఇరవై రెండు గదుల్లో రాత్రింబవళ్ళు నిరంతరాయంగా వీస్తోంది."

ఎండాకాలంలో హాస్టలు వైపు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కరెంటు ఉండదు.